పువ్వు లేకుండా ముక్కుపీనస తీగను గుర్తుపట్టడం: రాపూరు వైపు ప్రాజెక్టు డైరీ

జూలైలో నేను ట్యాగు కట్టిన 14 తీగల్లో 11 తప్పు. అవి ఎందుకు తప్పయ్యాయో రాసి పెడితే, వెలిగొండల కింద ఇదే పని మొదలుపెట్టే ఇంకొకరికి రెండు నెలలు మిగులుతాయి. అందుకే ఈ డైరీ తప్పులతోనే మొదలవుతుంది.

పని ఇది. బటర్‌కప్ అనే పూలమొక్క కుటుంబాన్ని పాఠ్యపుస్తకాల్లో రానున్‌కులేసీ అంటారు. ఎక్కువగా చల్లటి ప్రాంతాల కుటుంబం. మన ఇళ్లలో కనిపించేది కలోంజీ గింజ ఒక్కటే. ఆయుర్వేద మందుల్లో పేరు వినిపించే వత్సనాభి, అతివస కూడా ఈ కుటుంబానివే, కానీ అవి హిమాలయాల్లో పెరుగుతాయి. మన మెట్ట అడవుల్లో పొదల మీద పాకే రకాలుగా నేను వెతికింది రెండింటిని: నారవేలియా, క్లెమాటిస్. నారవేలియాను మన పల్లెల్లో ముక్కుపీనస తీగ అంటారు, కొందరు పుల్లబచ్చలి అంటారు. పేరులో బచ్చలి ఉంది కదా అని కూరకు కోయకూడదు. దీనికీ బచ్చలికీ ఏ సంబంధమూ లేదు.

వెతికిన చోటు: రాపూరు నుంచి పెంచలకోన వైపు పోయే దారిలో కొండ అంచు పొలాల కంచెలు, ఒక వాగు గట్టు. నడిచే గీత మొత్తం 2 కిలోమీటర్లు. పైన కొండంతా శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం. అందులో ఒక్క ఆకు కూడా కోయలేదు, బాట మీద నుంచి ఫోటోలు మాత్రమే తీశాను. నమూనాలన్నీ పట్టా పొలాల కంచెల నుంచి, రైతును అడిగి తీసుకున్నవి. నేను బడిలో సైన్సు చెప్తాను కాబట్టి ఆదివారాలు, సెలవు రోజులే ఈ పనికి. తోడు మా అక్క కొడుకు, బండి కూడా వాడిదే.

దశ 1: జూలై. మూడు ఆకులు, ఒక నులితీగ

నులితీగ అంటే పక్కనున్న పుల్లల్ని పట్టుకుని చుట్టుకునే సన్నటి పోగు. మొదటి నెలలో నేను పెట్టుకున్న గుర్తు "మూడు చిన్న ఆకులు, ఒక నులితీగ". ఫోన్‌లో మొక్కల యాప్ ఏది చెబితే అది నోటుబుక్కులో రాశాను. అదే ఆకును రెండు కోణాల్లో ఫోటో తీస్తే యాప్ రెండు పేర్లు చెప్పింది. అయినా ఆగలేదు.

ఆగస్టు మొదటి వారంలో 14 తీగల్నీ మళ్లీ చూస్తే తేలింది ఇది.

1. బుద్ధకాకర: 4. ఆకులు ఎదురెదురుగా కాక, ఒకటి ఇటు ఒకటి అటు వస్తాయి. నులితీగలు పూలగుత్తి కాడ మీద, పూలకు కొంచెం కింద పుడతాయి. ఆకుతో వాటికి సంబంధం లేదు. బుడగ కాయలు వచ్చాక ఎవరూ పొరబడరు, నేను చూసింది కాయలు రాకముందు.
2. కనపతీగ: 3. ఇది ద్రాక్ష కుటుంబం. మూడు పత్రకాలు (ఒకే ఆకులోని చిన్న ఆకులు) నిజమే, నులితీగ కూడా నిజమే, కానీ నులితీగ ఆకుకు ఎదురుగా కాండం మీద నుంచి వస్తుంది. పత్రకాలు కొంచెం మందంగా, పట్టుకుంటే నీటి బరువుతో ఉంటాయి.
3. దుష్టపు తీగ: 2. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. కానీ ఆకు విడిపోకుండా ఒకటే, గుండె ఆకారం. తుంచితే పాలు. నులితీగ ఉండదు, కాండమే చుట్టుకుంటుంది. పక్క పొద నులితీగను దీనిదిగా రాసుకున్నాను.
4. అడవినాభి: 1. ఆకు కొనే సన్నగా చుట్ట తిరుగుతుంది. ఆకుకు ఈనెలు సమాంతరంగా పోతాయి. దీని పేరులో నాభి ఉంది, వత్సనాభిలోనూ నాభి ఉంది, రెండూ విషమే, అందుకే రెండూ ఒక కుటుంబమని నేను మనసులో పెట్టుకున్నాను. కావు. అడవినాభి దుంప నుంచి లేచే ఏకదళబీజ మొక్క, వత్సనాభి బటర్‌కప్ చుట్టం.
5. అడవి మల్లె: 1. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, నులితీగ ఉండదు.

మిగిలిన 3 "అయివుండొచ్చు" అనే లెక్కలో ఉన్నాయి.

తప్పు ఎక్కడంటే, నులితీగ ఉందా లేదా అని చూశాను, అది ఎక్కడి నుంచి పుట్టిందో చూడలేదు. కాండం నుంచా, పూకాడ నుంచా, ఆకు కొన నుంచా, ఆకు కాడ చివర నుంచా, ఈ ఒక్క ప్రశ్న జూలైలోనే వేసుకుని ఉంటే ఎనిమిది ట్యాగులు కట్టే పని తప్పేది.

లెక్క, జూలై ట్యాగులకు: ట్యాగులు 14, తోసేసినవి 11, మిగిలినవి 3. ఖర్చు: లామినేట్ చేసిన ట్యాగులు రూ.180, పురికొస రూ.40, టేపు రూ.25, మొత్తం రూ.245. పెట్రోలు ఈ లెక్కలో లేదు.

దశ 2: ఆగస్టు. కాడ దగ్గర మొదలుపెట్టడం

యాప్ ఆపేశాను. పూలకోసం అక్టోబరు దాకా కాచుకోవాలి, కాబట్టి ఆకూ కాండంతోనే తేల్చే పరీక్షలు కావాలి. నాలుగు పెట్టుకున్నాను. వరుస మార్చకుండా చేయాలి, ఎందుకంటే మొదటి రెండింటికి నిమిషం చాలు, చాలా తీగలు అక్కడే పోతాయి.

1. కణుపు చూడండి. ఆకులు జంటగా, ఎదురెదురుగా ఉండాలి. ఒక్కొక్కటిగా ఉంటే వదిలేయండి. ఈ కుటుంబంలో ఎదురెదురు ఆకులు అరుదు, పాకే ఈ తీగలకు మాత్రం అదే మొదటి గుర్తు.
2. ఒక చిన్న ఆకు కాడ తుంచండి. పాలు వస్తే వదిలేయండి.
3. ఆకు కాడను చివరి దాకా వేలితో తడమండి. రెండు పత్రకాలు దాటాక కాడ అలాగే సాగి నులితీగగా మారితే నారవేలియా వైపు. నులితీగ లేకుండా ఆకు కాడే పుల్లను చుట్టుకుంటే క్లెమాటిస్ వైపు.
4. ముదురు కాండం చూడండి. నిలువు గాళ్లు ఉండాలి.

మూడో పరీక్షలోనే అసలు విషయం ఉంది. నారవేలియా ఆకు నిజానికి మూడు పత్రకాల ఆకు. మూడోది, చివరిది, నులితీగగా మారిపోయింది. అందుకే చేతిలో రెండు ఆకులు, మధ్యలో ఒక కొక్కెం లాగా కనిపిస్తుంది. ఆ నులితీగ చాలాసార్లు చివర మూడుగా చీలుతుంది. పాఠం చెప్పేటప్పుడు "రూపాంతరం" అని ఒక మాట చెప్పి దాటేస్తాం. తీగ నంబరు 9 మీద ఒక కొత్త కొమ్మకు మూడో పత్రకం ఆకుగానే మిగిలిపోయి, దాని పై జంటలో నులితీగగా మారి కనిపించింది. ఆ కొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. బడిలో ఆ మాట చెప్పేటప్పుడు ఇకమీదట ఆ ఫోటోనే చూపిస్తాను.

ఇక కొలతలు. మూడు తీగలు, ఒక్కోదానికి 10 ఆకులు, మొత్తం 30.

పత్రకం పొడవు 5.8 నుంచి 10.4 సెంటీమీటర్లు. వెడల్పు 4.1 నుంచి 7.2. నులితీగ మూడుగా చీలినవి 30లో 26. తక్కిన నాలుగింట్లో రెండు విరిగిపోయినవి, రెండు చీలనివి. అడుగు నుంచి లేచే ప్రధాన ఈనెలు మూడు నుంచి ఐదు.

ఈ అంకెలు రెండోసారి కొలిచినవి. మొదటిసారి కొలిచినవి పారేశాను. ఆగస్టు 4న నేను పత్రకాన్ని దాని చిన్న కాడతో కలిపి కొలిచాను, మా అక్క కొడుకు కాడ వదిలేసి కొలిచాడు. ఇద్దరి అంకెల మధ్య దాదాపు ఒక సెంటీమీటరు తేడా. పైగా వాడు ప్లాస్టిక్ స్కేలు అంచు నుంచి కొలిచాడు, సున్నా గీత నుంచి కాదు. ఆ తర్వాత నియమం: పత్రకపు పలక మాత్రమే, కాడ లేకుండా, వెర్నియర్ కాలిపర్‌తో, ఒక మనిషే కొలవాలి, రెండో మనిషి రాయాలి. ఆకులు కొమ్మ మధ్య నుంచే తీసుకోవాలి. కొన దగ్గరివి చిన్నవి, మొదలు దగ్గరివి చిరిగినవి.

నాలుగు పరీక్షలతో కొత్తగా 7 తీగలు చూశాను, 4 నిలిచాయి.

లెక్క, ఆగస్టు చివరికి: ట్యాగులు 21, తోసేసినవి 14, మిగిలినవి 7. ఖర్చు: పదింతల భూతద్దం రూ.350, ప్లాస్టిక్ కాలిపర్ రూ.150. మొత్తం రూ.745.

దశ 3: సెప్టెంబరు. ట్యాగులు పోయాయి, చెయ్యి కాలింది

సెప్టెంబరు 7. రెండు వానలు పడ్డాయి. 21 ట్యాగుల్లో 9 మీద రాత కారిపోయింది. లామినేషన్ అంచు దగ్గర నేను తాడు కోసం చిల్లు పెట్టాను, నీళ్లు అక్కడి నుంచే లోపలికి పోయాయి. ఇంకో 4 ట్యాగులు అసలే లేవు. రెండింటిని మేకలు నమిలిన ఆనవాళ్లు దొరికాయి, కోతులు లాగి పారేసినవి వాగులో దొరికాయి.

ఫోన్‌లో జీపీఎస్ గుర్తులు ఉన్నాయి కదా అనుకున్నాను. ఒకే తీగ దగ్గర నిలబడి మూడుసార్లు గుర్తు పెడితే మూడు చుక్కలు, వాటి మధ్య ఎక్కువ దూరం 11 మీటర్లు. తీగకూ తీగకూ మధ్య నాలుగు మీటర్లు ఉన్న కంచెలో అది దేనికీ పనికిరాదు. మార్చినవి ఇవి:

1. ఖాళీ కూల్‌డ్రింకు డబ్బాలను విప్పి, అల్యూమినియం రేకును 2 సెంటీమీటర్ల పట్టీలుగా కత్తిరించాను. కింద నాలుగు మడతల న్యూస్‌పేపర్ పెట్టి బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే అంకె లోపలికి దిగుతుంది. సిరా పోయినా అంకె పోదు. అంచులు చెయ్యి కోస్తాయి, అర సెంటీమీటరు లోపలికి మడిచేయాలి.
2. పురికొస బదులు సన్న కట్టుతీగ. తీగ కాండానికి కాదు, అది ఎక్కిన పొద కాండానికి కట్టాలి. కాండానికి బిగిస్తే మొక్క లావెక్కాక కోసుకుపోతుంది.
3. చోటు కోసం కల్వర్టు నంబరు, అక్కడి నుంచి అడుగులు, ఎడమా కుడా, ఏ పొద మీద: ఇవి రాసుకున్నాను. "రెండో కల్వర్టు దాటి 64 అడుగులు, కుడి, బలుసు పొద మీద" అనే మాట ఇప్పటికీ పనిచేస్తోంది.

ఇదంతా చేస్తుండగానే సెప్టెంబరు 14 వచ్చింది. వాసనతో గుర్తుపట్టొచ్చేమోనని నారవేలియా ఆకులు మూడు నాలుగు అరచేతిలో గట్టిగా నలిపాను. ఘాటు వాసన, కళ్లు చెమర్చాయి. చెయ్యి కడుక్కోకుండా ఎండలో ఇంకో గంట పని చేశాను. సాయంత్రానికి వేళ్ల మధ్య ఎరుపు, మర్నాడు ఉదయం రెండు బొబ్బలు. తగ్గడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులు సుద్దముక్క పట్టుకోవడమే కష్టమైంది.

కారణం తెలిసిందే, నేనే మరిచిపోయాను. ఈ కుటుంబపు చాలా మొక్కల్లో రానున్‌కులిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు ఏమీ కాదు. నలిపినప్పుడు అది విడిపోయి ప్రోటోఅనిమోనిన్ అవుతుంది, చర్మాన్ని కాల్చేది అదే. ఆకు ఎండితే అది అనిమోనిన్‌గా మారి ఘాటు పోతుంది. అందుకే ఒత్తి ఎండబెట్టిన నమూనాను ముట్టుకుంటే పెద్దగా భయం లేదు, పచ్చి ఆకును నలపడం మాత్రం వద్దు. పిల్లలతో చేయించేవాళ్లు రెండో పరీక్షను చేతికి తొడుగు వేసుకుని మీరే చేయండి. చేశాక సబ్బుతో కడుక్కోండి, కడుక్కునేదాకా కళ్లు తుడుచుకోకండి.

ఆ వారంలోనే మేకలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన ఆగి అడిగారు.

"ఏందమ్మా టీచరమ్మా, ఆ తీగె చుట్టే తిరగతా ఉండావు?"

"దీని పేరు తెలుసా పెద్దాయనా?"

"ముక్కుపీనస తీగె గదమ్మా అది. జలుబు పట్టి తల బరువెక్కితే మా నాయన వేరు నలిపి ముక్కు కాడ పెట్టేవోడు. ఒక్క పీల్పే. పెట్టి తీసెయ్యాల. ఆణ్ణే పెట్టుకుంటే తోలు లేస్తాది."

నా చేతి బొబ్బలు చూపించాను. ఆయన తల ఊపి, "చెప్పేవోళ్లు లేక" అన్నారు. నాకు బొబ్బలతో తెలిసిన సంగతి ఆయన తండ్రికి ముందే తెలుసు: ఆకారమే కాదు, మోతాదు కూడా. ఇది వైద్యంగా ఎవరూ ప్రయత్నించొద్దు. కానీ పేరుకు కారణం ఇక్కడే దొరికింది, తీగ పేరులోనే దాని వాడకం ఉంది.

ఆయన ఇంకో రెండు తీగలు చూపించారు. రెండూ నిలిచాయి. నేను వెతికిన నాలుగింట్లో మూడు నిలిచాయి. వాటిలో నంబరు 27కు నులితీగ లేదు, ఆకు కాడ కలివి పుల్ల చుట్టూ ఒక చుట్టు చుట్టుకుని ఉంది.

లెక్క, సెప్టెంబరు చివరికి: ట్యాగులు 27, తోసేసినవి 15, మిగిలినవి 12. ఖర్చు: కట్టుతీగ రూ.30, తొడుగులు రూ.60, చేతికి రాసే మందు రూ.85. మొత్తం రూ.920.

దశ 4: అక్టోబరు, నవంబరు. తొమ్మిది రేకుల చిక్కు

ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక మొగ్గలు కనిపించాయి. మా వైపు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, తీగలు కూడా ఆ లెక్కనే నడిచాయి.

అక్టోబరు 19న నంబరు 9కి మొగ్గలు. మధ్యలో నాలుగు రోజులు ముసురు. 24న వెళ్తే పూలు విచ్చుకుని ఉన్నాయి. లెక్కపెట్టాను. ఒక పువ్వుకు తొమ్మిది సన్నటి రేకులు, చివర కొంచెం ఉబ్బి చిన్న గరిటెల్లా ఉన్నాయి. ఇంకోదానికి పదకొండు. ఇంకోదానికి పది. రాత్రి పుస్తకం తీస్తే ఈ తీగలకు నాలుగు రక్షకపత్రాలు ఉండాలి అని ఉంది. నాలుగు ఎక్కడ, తొమ్మిది ఎక్కడ! మూడు నెలలు కట్టిన ట్యాగులన్నీ మళ్లీ తప్పేనా అని చాలా టెన్షన్ పడ్డాను. నోటుబుక్కులో ఆ పేజీ మీద "కాదు" అని రాసి గీత కూడా కొట్టాను.

వారం తర్వాత మొగ్గను బ్లేడుతో నిలువునా చీల్చి భూతద్దం కింద చూస్తే తెలిసింది. మొగ్గను కప్పి నాలుగు దళసరి పత్రాలు అంచుకు అంచు ఆనుకుని ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు. లోపల సన్నటి గరిటె రేకులు. అంటే నేను లెక్కపెట్టినవి ఆకర్షణ పత్రాలు. రక్షకపత్రాలు నాలుగూ పువ్వు విచ్చుకున్న కొద్దిసేపటికే రాలిపోయి, నేను వెళ్లేసరికి నేల మీద పడి ఉన్నాయి.

దీన్ని రుజువు చేయడానికి చేసిన పని:

1. రేపో మాపో విచ్చుకునేలా ఉన్న 20 మొగ్గలు ఎంచుకున్నాను, ఐదు తీగల మీద.
2. వాటికి పెళ్లి తాంబూలాలకు వాడే సన్న వల సంచులు కట్టాను. మొత్తం 12 సంచులు, పక్కపక్కన ఉన్న మొగ్గలకు ఒకటే సంచి. సంచిలో ఎన్ని మొగ్గలు ఉన్నాయో దాని మీద రాసిపెట్టాను.
3. మూడు రోజులకు విప్పి, సంచి అడుగున రాలినవి, పువ్వు మీద మిగిలినవి విడివిడిగా లెక్కపెట్టాను.

ఒక సంచి గాలికి పోయింది, అందులో రెండు మొగ్గలు. మిగిలిన 18 పూలకు రాలిన రక్షకపత్రాలు 71. ఒక్కటి దొరకలేదు, లేకపోతే సరిగ్గా 72 అయ్యేవి, పువ్వుకు నాలుగు. మిగిలిన ఆకర్షణ పత్రాలు పువ్వుకు 8 నుంచి 12. కేసరాలు లెక్కపెట్టడం మానేశాను, చాలా ఉన్నాయి. మధ్యలో విడివిడి ఫలదళాలు (తర్వాత కాయలయ్యే భాగాలు) గుంపుగా ఉన్నాయి. అన్నీ విడిగా, ఏదీ ఏదానితోనూ అతుక్కోకుండా ఉండే ఈ పువ్వును పిల్లలకు చూపిస్తే బటర్‌కప్ కుటుంబం అంటే ఏమిటో వేరే బొమ్మ గీయక్కర్లేదు.

కాబట్టి పువ్వుతో తేల్చేవాళ్లకు ముఖ్యమైన మాట: విచ్చుకున్న పువ్వునే కాదు, పక్కనున్న మొగ్గను కూడా చూడండి. మొగ్గ చూడకపోతే నాలా తొమ్మిది దగ్గరే ఆగిపోతారు.

పూలు ఇంకో తప్పును కూడా పట్టించాయి. సెప్టెంబరులో మూడో పరీక్షలో నెగ్గిన రెండు తీగలు అడవి మల్లెలని తేలింది. కంపలో ఇరుక్కుని ఆకు కాడ వంగి ఉంటే, చుట్టుకున్నట్టు రాసుకున్నాను. పువ్వుకు కింద గొట్టం, లోపల రెండే కేసరాలు, ఇక వాదన లేదు. మూడో పరీక్షను ఇలా మార్చాను: ఒకే కాడ కాదు, ఒకే తీగ మీద కనీసం ఐదు ఆకు కాడలు చూడాలి, వాటిలో మూడైనా పుల్లను పూర్తిగా ఒక చుట్టు చుట్టి ఉండాలి. వంగడం వేరు, చుట్టుకోవడం వేరు.

ఇక నమూనాల సంగతి. రెండు ప్లైవుడ్ పలకలు, బెల్టులు, పాత పేపర్లతో ప్రెస్ చేసుకున్నాను. ముసురు రోజుల్లో పేపర్లు రెండు రోజులకోసారి మార్చాను. ఆరు నమూనాల్లో నాలుగు బూజు పట్టాయి, మిగతా రెండింటి ఆకులు నల్లబడ్డాయి. గాలిలో అంత తేమ ఉన్నప్పుడు రెండు రోజులకోసారి చాలదు. మొదటి మూడు రోజులు రోజుకు రెండుసార్లు మార్చాలి. తర్వాత ఒక చెక్కపెట్టెలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి, దానికి అడుగున్నర పైన ప్రెస్ ఆనించి, పేపర్ల మధ్య అట్టపెట్టెల ముడతల అట్ట ముక్కలు పెట్టాను. ముడతల గుండా వేడి గాలి పోతుంది. నాలుగు రోజుల్లో ఎండాయి, ఆకుపచ్చదనం చాలావరకు నిలిచింది. బల్బు వెలుగుతున్నంతసేపు మనిషి ఇంట్లో ఉండాలి, రాత్రి ఆపేయాలి.

లెక్క, నవంబరు చివరికి: కొత్తగా 4 చూశాను, 3 నిలిచాయి. ట్యాగులు 31, తోసేసినవి 18, మిగిలినవి 13. పూలు చూసినవి 9. ఖర్చు: వల సంచులు రూ.120, ప్లైవుడ్ రూ.240, బెల్టులు రూ.90, బల్బు, హోల్డరు రూ.110. మొత్తం రూ.1,480.

దశ 5: డిసెంబరు. నంబరు 27

మిగిలిన 13లో 12 ఒకలాంటివి. 27 ఒక్కటే వేరు. దాని ఆకులు నాలుగుసార్లు కొలిచి నాలుగుసార్లు వేరే మాట రాసుకున్నాను. ఒకసారి మూడు పత్రకాలు, ఒకసారి ఐదు, ఒకసారి ఏడు. పువ్వుల గుత్తి దగ్గరి ఆకులు చిన్నవై పత్రకాలు తగ్గుతాయని తర్వాత అర్థమైంది. కాండం మధ్యలో, పూలకు దూరంగా ఉన్న పది ఆకులే తీసుకుంటే ఏడింటికి ఐదు పత్రకాలు, మూడింటికి ఏడు. ఎక్కడా నులితీగ లేదు. పది కాడల్లో ఆరు పుల్లలను చుట్టుకుని ఉన్నాయి.

డిసెంబరు 8న పూలు. పెద్ద గుత్తి, పాలమీగడ రంగు, చిన్న పూలు. రక్షకపత్రాలు నాలుగు, వెనక్కి వంగి ఉన్నాయి, రాలిపోలేదు. లోపల గరిటె రేకులు లేవు, నేరుగా కేసరాలే. నారవేలియాకూ క్లెమాటిస్‌కూ పువ్వులో తేడా ఇదే. మొదటిదానికి ఆకర్షణ పత్రాలు ఉంటాయి, రెండోదానికి ఉండవు.

ఫోటోలు, ఎండిన కొమ్మ తీసుకుని వృక్షశాస్త్రం చెప్పే ఒక లెక్చరర్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆమె క్లెమాటిస్ అన్నారు, అందులో గౌరియానా అనే రకం అనడానికి మాత్రం కాయ తెమ్మన్నారు. "పువ్వుతో ప్రజాతి దాకా వచ్చారమ్మా, కాయ చూడకుండా పేరు రాయొద్దు" అన్నారు. నేను పేజీ మీద "క్లెమాటిస్, కాయ చూడాలి" అని మాత్రమే రాసుకున్నాను.

ఇదే నెలలో రోడ్డు అంచు కంప కొట్టారు. నంబరు 12, 16 పోయాయి. రెండింటికీ పూలు చూశాను, కాయలు చూడలేదు. కొట్టిన కంప కుప్పలో 16 ట్యాగు దొరికింది, అంకె చక్కగా కనిపిస్తోంది. మొద్దులు మిగిలాయి కాబట్టి కల్వర్టు నుంచి అడుగులు రాసుకుని ఉంచాను. వాన పడితే మళ్లీ చిగురు వేస్తాయేమో చూడాలి.

లెక్క, డిసెంబరు చివరికి: పూలు చూసినవి 10, నారవేలియా 9, క్లెమాటిస్ 1. ఆకులతో మాత్రమే ఉన్నవి 3. ఖర్చు పెరగలేదు.

దశ 6: జనవరి, ఫిబ్రవరి. ఈకలు

దూరం నుంచి చూస్తే ఈ నెలల్లోనే ఈ తీగలు బాగా కనిపిస్తాయి. పువ్వులోని ప్రతి ఫలదళం ఒక్కో గింజ ఉన్న ఎండుకాయ అవుతుంది. దాని కీలం (కొనన ఉండే సన్నటి కాడ) రాలిపోకుండా పొడవుగా సాగి, ఈక లాగా నూగు వేసుకుంటుంది. పొద మీద తెల్లటి పొగ వాలినట్టు ఉంటుంది.

ఇక్కడ దుష్టపు తీగతో మళ్లీ పొరబాటు రావచ్చు, దాని గింజలకు కూడా తెల్లటి పట్టు దారాలు ఉంటాయి. తేడా చెప్పడం సులువే. దుష్టపు తీగకు ముళ్లలాంటి మెత్తటి బొడిపెలున్న కాయ జత ఉంటుంది, అది పగిలితే గింజలు వస్తాయి, దారాలన్నీ గింజ కొన నుంచి కుచ్చులా లేస్తాయి. మన తీగలకు పగిలే కాయ లేదు. ఒక్కో గింజ కాయకు ఒకే తోక, తోక పొడవునా రెండు వైపులా నూగు.

మొదటి కోత పాడైంది. జనవరి 11న బాగా ఎండిన మూడు గుత్తులు పాలిథీన్ కవర్లో వేశాను. ఇంటికి వచ్చి తెరిచేసరికి తోకలన్నీ విడిపోయి కవరుకు అతుక్కున్నాయి, ఏ గింజ ఏ తీగదో తెలియలేదు. తర్వాత నుంచి:

1. కాయలు పూర్తిగా ఎండకముందే, తోకలు ఇంకా కొంచెం పచ్చగా ఉన్నప్పుడే గుత్తి కోయాలి.
2. పేపర్ కవర్లోనే వేయాలి. ఒక తీగకు ఒక కవరు, నంబరు పెన్సిలుతో.
3. తోకను నిటారుగా లాగి కొలవొద్దు, విరుగుతుంది. గ్రాఫ్ పేపరు మీద పడేసి, వంపు వెంట దారం పరిచి, దారాన్ని కొలవాలి.

ఏడు నారవేలియా తీగల నుంచి ఒక్కోదానికి ఐదు, మొత్తం 35 తోకలు: 2.9 నుంచి 5.1 సెంటీమీటర్లు. కాయ సన్నగా, కింద చిన్న కాడతో, మెలి తిరిగి ఉంది. 27 తోకలు పది కొలిచాను: 3.8 నుంచి 5.6. దాని కాయ మెలి తిరగలేదు, కాడ లేదు, పలచగా ఉంది, మీద నూగు ఉంది. తోక పొడవు రెండింట్లోనూ కలిసిపోతోంది, కాబట్టి పొడవుతో తేల్చకూడదు. కాయ కింద కాడ ఉందా, మెలి ఉందా అని చూడాలి.

ఫిబ్రవరి 2న కాయలతో మళ్లీ మేడమ్ దగ్గరికి. 27కు క్లెమాటిస్ గౌరియానా అని ఎండిన నమూనా కట్టిన షీటు మీద ఆమె చేతితోనే రాశారు. నారవేలియా షీట్ల మీద రెండు పేర్లు రాయమన్నారు: నారవేలియా జైలానికా, క్లెమాటిస్ జైలానికా. నారవేలియా నిజానికి క్లెమాటిస్ గుంపు లోపలిదేనని డీఎన్‌ఏ మీద జరిగిన పరిశోధనల్లో తేలాక రెండో పేరు వాడేవాళ్లు పెరిగారు. పాత పుస్తకంలో వెతికేవాళ్లకు మొదటిది కావాలి, కొత్త జాబితాల్లో వెతికేవాళ్లకు రెండోది. నారవేలియా అనే మాట సింహళంలో ఈ తీగకున్న నరవెల్ అనే పేరు నుంచి వచ్చింది, అక్కడ వెల్ అంటే తీగ. షీటు అడుగున మూడో పేరు నేనే చేర్చాను, ముక్కుపీనస తీగ. చేర్చేముందు ఆమెను అడిగాను, తప్పకుండా రాయమన్నారు. ఎవరు చెప్పారో కూడా రాయమన్నారు, కాబట్టి "రాపూరు మండలం, మేకల కాపరి" అని రాశాను.

షీట్లు 42, 29 సెంటీమీటర్ల కొలతలో కత్తిరించిన దళసరి కార్డు. కొమ్మను గమ్ముతో అంటించకుండా సన్న కాగితపు పట్టీలతో నాలుగు చోట్ల కట్టాను. కాయలను ఒక మడత కవర్లో పెట్టి షీటు మూలన అంటించాను. తోకలు రాలినా కవర్లోనే ఉంటాయి.

లెక్క, ఫిబ్రవరి చివరికి:

ట్యాగులు కట్టినవి 31.
తోసేసినవి 18.
నారవేలియా, పువ్వుతో తేలినవి 9, వాటిలో కాయ కూడా చూసినవి 7.
క్లెమాటిస్ గౌరియానా, పువ్వూ కాయా రెండూ చూసినది 1.
ఆకులతో మాత్రమే ఉన్నవి 3: నంబర్లు 22, 28, 30.
షీట్లు 12. కార్డు ఖర్చు రూ.144. మొత్తం రూ.1,624.

22, 28, 30 మూడూ దట్టమైన నీడలో ఉన్నాయి, పైకి ఎండ దాకా ఇంకా ఎక్కలేదు. మూడింటికీ ఆకు కాడ చివర నులితీగ ఉంది, మూడుగా చీలి ఉంది, తుంచితే పాలు లేవు. వాటి పక్కన షీటులో పేరు రాయలేదు. అక్టోబరు మూడో వారంలో మొదటి మొగ్గ చూసిన రోజే వల సంచులు కట్టాలి. ఈసారి నాలుగు రోజులు ఆగను, రోజు మార్చి రోజు వెళ్తాను. 12, 16 మొద్దుల దగ్గర ఫిబ్రవరి 22న చూసేసరికి 16కు ఒక చిగురు ఉంది. ఎత్తు 3 సెంటీమీటర్లు, ఆకులు ఎదురెదురుగా, నులితీగ ఇంకా రాలేదు.